తోటకీ ట్రెక్కింగ్‌కీ వంటకీ ఒకటే కత్తి: ఏ స్టీలు, ఎంత మందం?

చేవెళ్ళ_తోట

మడత చాకు వద్దు. పిడిలో కదలకుండా ఉండే ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి ఒకటి కొనాలి. దానితో చేసే పనులు ఇవీ.

వారానికోసారి తోటలో డ్రిప్ పైపులు, నైలాన్ తాళ్ళు, ఎరువుల బస్తాల మూతులు కోయాలి. పందిరికి వెదురు బొంగులు బద్దలుగా చీల్చాలి. బొటనవేలంత కొమ్మలు కొట్టాలి. నెలకోసారి అనంతగిరి వైపు వెళ్తే పుల్లలు చెక్కడం, కూరగాయలు, మామిడికాయలు తరగడం, ఎప్పుడైనా ఒక కోడి.

బడ్జెట్ 4 వేలు, మంచిదైతే ఇంకో వెయ్యి. ఇంట్లో ఉన్న సానరాయి ఒక్కటే, రెండు వైపులా వాడే బూడిద రంగు కార్బొరండమ్ రాయి. నేను చూసినవి:

1. ఆన్‌లైన్‌లో డి2 స్టీలు కత్తి. 6 అంగుళాల బ్లేడు, 5 మి.మీ. మందం, గట్టిదనం 62 హెచ్ఆర్‌సి (రాక్‌వెల్ కొలత) అని రాశారు.
2. మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్. చూడ్డానికి ప్లాస్టిక్ బొమ్మలా ఉంది, అదే అనుమానం.
3. 1095 హై కార్బన్ కత్తి. తుప్పు భయం.
4. బాలానగర్‌లో ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే టూల్ స్టీలు) పట్టీతో చేయించుకోవడం.

డి2 అన్నిటికన్నా ఎక్కువ కాలం పదును నిలుపుతుందని అందరూ అంటున్నారు. అలాంటప్పుడు ఇంక ఆలోచించాల్సింది ఏముంది?

---

టూల్‌రూమ్_తాత

ఆలోచించాల్సింది ఉంది. మీ జాబితాలో ఒక పని మిగతావాటన్నిటికీ అడ్డం తిరుగుతోంది. అదే వెదురు. బొంగు చీల్చేటప్పుడు కత్తి వెన్ను మీద కర్రతో కొడతారు. కణుపు దగ్గర అది ఇరుక్కుంటుంది, అప్పుడు చెయ్యి తెలియకుండానే పక్కకి తిప్పుతుంది. అంచు విరిగేది ఆ పక్కబలానికే, దెబ్బకి కాదు. డి2 బలహీనత సరిగ్గా అక్కడే ఉంది.

డి2లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా, క్రోమియం 12 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆ రెండూ కలిసి స్టీలు గడ్డకట్టేటప్పుడే పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్ గడ్డలుగా మిగిలిపోతాయి. మామూలు పోత డి2లో అవి పదుల మైక్రాన్ల సైజులో ఉంటాయి. పదునైన అంచు మందం ఒక మైక్రాను కూడా ఉండదు. పప్పులో రాళ్ళలాగా ఆ గడ్డలు అంచులో కూర్చుని ఉంటాయి. నేరుగా కోస్తున్నంత సేపూ అవి మేలే చేస్తాయి, అరగవు. పక్కకి తిప్పారా, గడ్డతో సహా ముక్క లేచిపోతుంది. 62 దగ్గర ఇది ఇంకా ఎక్కువ. 62 అని రాసినంత మాత్రాన 62 ఉంటుందనీ లేదు, కానీ నిజంగానే ఉంటే వెదురుకి పనికిరాదు.

రెండోది మందం. 5 మి.మీ. అంటే బలం అనుకుంటారు. వంగకుండా ఉండే గుణం మందం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 3 మి.మీ. పట్టీ కన్నా 4 మి.మీ. పట్టీ సుమారు 2.4 రెట్లు గట్టిగా నిలుస్తుంది. కాబట్టి బలం కోసం 5 దాకా పోనక్కర్లేదు. పోతే జరిగేది ఇది. ఆ కత్తి వెడల్పు 30 మి.మీ. అనుకోండి. వెన్ను నుంచి అంచు దాకా పూర్తిగా ఏటవాలు తీస్తే ఆ కోణం మొత్తం తొమ్మిదిన్నర డిగ్రీలు. చవక కత్తుల్లో సగం వెడల్పు దాకే ఏటవాలు తీస్తారు, అప్పుడు అది 19 డిగ్రీలు. దాంతో క్యారెట్ కోయండి, తెగదు, టప్పున పగులుతుంది. ఉల్లిపాయ ముక్కలు ఎగిరి కింద పడతాయి. కత్తి ఎలా కోస్తుందో చెప్పేది అంచుకి సరిగ్గా పైన ఉండే మందం. అన్ని పనుల కత్తికి అది 0.4 నుంచి 0.6 మి.మీ. ఉండాలి. అమ్మేవాడు దాన్ని ఎక్కడా రాయడు. వెర్నియర్ ఉంటే పట్టి చూడండి. డి2 5 మి.మీ. కత్తుల్లో అది 0.8, 1 మి.మీ. కూడా కనిపిస్తుంది.

ఇక స్టీళ్ళు, మీ పనుల వరకే చెప్తాను.

12సి27, 14సి28ఎన్. స్వీడన్ స్టెయిన్‌లెస్ స్టీళ్ళు. కార్బన్ 0.6 శాతం దగ్గర, క్రోమియం మొదటిదానిలో 13.5, రెండోదానిలో 14, దానికి తోడు కాస్త నైట్రోజన్. కార్బన్ తక్కువ కాబట్టి పెద్ద కార్బైడ్ గడ్డలు కట్టవు. అంచు సన్నగా తీసినా నిలబడుతుంది, మీ కార్బొరండమ్ రాయి మీదే పదును ఎక్కుతుంది. మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్ బ్లేడు 12సి27, పొడవు 104 మి.మీ., మందం 2.5 మి.మీ. టాంగ్, అంటే పిడిలోకి పోయే ఇనుప తోక, పిడి చివరిదాకా రాదు. సన్న బద్దలు చీల్చడానికి చాలు. ముంజేతి లావు బొంగు మీద పెట్టి బాదడానికి కాదు. అదే కంపెనీ గార్బర్గ్‌లో టాంగ్ చివరిదాకా వస్తుంది, 3.2 మి.మీ. మందం, కానీ మీ బడ్జెట్ దాటుతుంది.

420హెచ్‌సి. కార్బన్ 0.45 దగ్గర. బక్ కంపెనీ వాళ్ళు దీన్నే 58 దాకా గట్టిపరిచి ఏళ్ళ తరబడి అమ్ముతున్నారు, బాగానే నడుస్తుంది. అయితే ఉత్త '420' అని రాసుంటే అది వేరే సరుకు. కార్బన్ ఇంకా తక్కువ, మెత్తన.

440. ఇందులో ఏ, బి, సి మూడు రకాలు. కార్బన్ వరసగా 0.6–0.75, 0.75–0.95, 0.95–1.2. అక్షరం రాయకుండా '440 స్టెయిన్‌లెస్' అని ఉంటే 'ఏ' అనే అనుకోవాలి. 'సర్జికల్ స్టీల్', 'జపాన్ స్టీల్' అనేవి స్టీలు పేర్లే కావు.

1095. కార్బన్ 0.95 చుట్టూ, కాస్త మాంగనీసు, ఇంకేం లేవు. పదును సులువుగా ఎక్కుతుంది. ఈఎస్‌ఈఈ అనే కత్తుల కంపెనీ వాళ్ళు దీన్ని కావాలనే 55–57 దగ్గర ఉంచుతారు, మోటు పనికి విరక్కుండా. తుప్పు మాత్రం నిజం. వానాకాలంలో రాత్రి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు.

డి2లో 12 శాతం క్రోమియం ఉండి కూడా తుప్పెందుకు పడుతుందని అడుగుతారు. తుప్పుని ఆపేది స్టీలులో కరిగి ఉన్న క్రోమియం మాత్రమే. డి2లో సగం దాకా ఆ గడ్డల్లో ఇరుక్కుపోయింది. 12సి27లో దాదాపు అంతా కరిగే ఉంటుంది. అందుకే 12 శాతమున్న డి2కి మచ్చ పడుతుంది, ఒకటిన్నర శాతమే ఎక్కువున్న 12సి27 మామిడికాయ పులుపుకి కూడా నిలుస్తుంది.

నా లెక్కలో మీకు మీ జాబితాలో రెండోది, మోరా. లేదా నాలుగోది, చేసేవాడి చేతిని బట్టి.

---

సానపట్టు

తాత చెప్పింది బరాబరే, గానీ ఒక్క కాడ ఒప్పుకోను. డి2ని మరీ పక్కకు నెట్టేసిండు. తోట పనిల అంచును తినేది వెదురు కాదు, మట్టి. డ్రిప్ పైపు మీద, బస్తా మీద ఉండే దుమ్ముల ఇసుక ఉంటది. ఇసుక గట్టిదనం విక్కర్స్ లెక్కల 1100 దాకా. 60 హెచ్ఆర్‌సి స్టీలు 700 దగ్గర. అంటే కత్తి కన్నా ఇసుకనే గట్టిది, కోసిన ప్రతిసారీ అంచును గీకుతది. క్రోమియం కార్బైడ్ 1500 పైన ఉంటది కాబట్టి డి2 అంచు ఇసుకకు ఆగుతది. 12సి27 తోని పది మట్టి పైపులు కోస్తే సాయంత్రానికి మొద్దుబారుతది. అట్ట పెట్టెలు, బస్తాలు ఎక్కువ కోసేటోళ్ళకు డి2 మంచిదే. వెదురు లేకుంటే నేను అదే చెప్తుంటి.

అయితే మొద్దుబారిన 12సి27ను ఐదు నిమిషాలల్ల లేపొచ్చు. చెక్కు లేచిన డి2ను లేపనీకి అర మిల్లీమీటరు స్టీలు అరగదీయాలె, అది ఒక పూట పని. కాబట్టి తిరిగితిరిగి తాత కాడికే వస్తున్న.

ఇగ మీ రాయి సంగతి. కార్బొరండమ్ అంటే సిలికాన్ కార్బైడ్, క్రోమియం కార్బైడ్ కన్నా గట్టిది, డి2ని కూడా కోస్తది. ఎస్30వి, సిపిఎం 3వి లాంటి వనేడియం స్టీళ్ళకు మాత్రం వజ్రపు ప్లేట్ కావాలె. వనేడియం కార్బైడ్ 2800 దాకా ఉంటది, మామూలు రాయి దాని ముందు సబ్బే. తెలియక గవి కొని, పదును ఎక్కుతలేదని కత్తిని తిడతరు.

మీ రాయిల సన్న వైపు అని పేరే గానీ కత్తికి అది కూడా గరుకే. 1000 నంబర్ నీళ్ళరాయి ఒకటి కొనుక్కోండ్రి, బడ్జెట్‌ల గది కూడా కలుపుకోండ్రి. కత్తికి నాలుగు వేలు పెట్టి రాయికి రూపాయి పెట్టకుంటే మూడు నెలలకు అది కూరగాయల పీట కింద పడుంటది.

పట్టే పద్ధతి:

కోణం ఒక్కో పక్క 20 డిగ్రీలు. చేతితోని డిగ్రీలు తెలువయి కాబట్టి వెన్ను ఎత్తు చూస్కోవాలె. 25 మి.మీ. వెడల్పు కత్తికి వెన్ను రాయి నుంచి 8.5 మి.మీ. లేవాలె. 30 మి.మీ. వెడల్పుకు 10.3. గంత మందం చెక్కముక్క ఒకటి కోసి పెట్టుకోండ్రి, మొదలుపెట్టే ముందర వెన్ను కింద పెట్టి చెయ్యికి అలవాటు చేసి తీసేయండ్రి.

అంచు మీద నల్ల మార్కర్ గీయండ్రి. నాలుగు సార్లు రాయి మీద నడిపి చూడండ్రి. పైన గీత పోయి అంచు కాడ నలుపు ఉంటే వెన్ను తక్కువ లేపినట్టు. అంచు కొసనే పోతే ఎక్కువ లేపినట్టు. మొత్తం పోయేదాక సరిచేసుకోవాలె.

ఒకే పక్క రుద్దుతనే ఉండాలె, అవతలి పక్క సన్న రేకు లేచేదాక. దాన్ని బర్ అంటరు. బొటనవేలును వెన్ను దిక్కు నుంచి అంచు దాటిస్తే గోరుకు తట్టుతది. అంచు పొడవంతా, పిడి కాడ నుంచి మొన దాక, తట్టాలె. మధ్యల తట్టి మొన కాడ తట్టకపోతే మొన కాడ పని కానట్టే. అందరూ తప్పు చేసేది గిక్కడనే. రేకు లేవకముందే పక్క మారుస్తరు, గంట రుద్దినా పదును రాదు.

రెండో పక్క కూడా గట్లనే. తర్వాత 1000 రాయి మీద బరువు తగ్గించుకుంట ఒక్కో పక్క ఒక్కో దెబ్బ, పది పదిహేను సార్లు. ఆఖరికి పాత తోలు బెల్టు చెక్క మీద అతికించి, బఫింగ్ చేసేటోళ్ళు వాడే ఆకుపచ్చ సబ్బు రాసి, వెన్ను ముందుకు పెట్టి లాగాలె. అంచు ముందుకు పెట్టి తోస్తే తోలు తెగుతది.

మోరా తీసుకుంటే ఈ 20 డిగ్రీల లెక్క వద్దు. దానికి స్కాండీ ఏటవాలు ఉంటది. వెడల్పాటి ఆ చెంప మొత్తం రాయి మీద పరిచి రుద్దుడే, కోణం అదే వస్తది. కొత్తోళ్ళకు గంత సులువు ఇంకోటి లేదు. మట్టి పనికి ఆ అంచు మరీ సన్నగా అనిపిస్తే, ఆఖరున వెన్ను కొంచెం లేపి మూడు నాలుగు దెబ్బలు వేస్తే సన్న రెండో అంచు పడుతది, మడతపడకుండ నిలుస్తది.

ఇంకో మాట. వీధిలకు సైకిల్ మీద సాన పట్టేటాయన వస్తడు. వంటింటి కత్తులకు, కత్తెర్లకు ఆయన చెయ్యి చాలు. ఈ కత్తి మాత్రం ఇయ్యకుండ్రి. ఎండు చక్రం మీద నిప్పురవ్వలు లేచేటప్పుడు సన్న అంచు నీలం రంగు తిరుగుతది. నీలం అంటే 300 డిగ్రీలు తాకినట్టు. 200 కాడ టెంపర్ చేసిన, అంటే గట్టిపరిచినంక పెళుసు తగ్గనీకి మళ్ళ కొంచెం వేడిచేసిన కత్తికి ఆ భాగం మెత్తబడ్డట్టే. మళ్ళ ఆ నీలం దాటి లోపల దాక అరగదీస్తే గానీ గట్టి స్టీలు దొరకదు.

---

చేవెళ్ళ_తోట

తాతగారికీ సానపట్టు అన్నకీ థాంక్స్. 5 మి.మీ. డి2 జాబితాలోంచి తీసేశాను. పప్పులో రాళ్ళు అన్నాక ఇంక దానివైపు చూడబుద్ధి కాలేదు.

మోరా ఎలాగూ కొంటాను. కానీ బొంగులు చీల్చడానికి టాంగ్ చివరిదాకా ఉన్నది ఒకటి చేయించాలని కూడా ఉంది. రాణీగంజ్‌లో అడిగితే ఓహెచ్‌ఎన్‌ఎస్ ఉంది, హెచ్‌సిహెచ్‌సిఆర్ ఉంది, ఈఎన్31 ఉంది అంటున్నారు. ఒకాయన పాత లారీ కమాన్ పట్టీ అయితే ఊరికే వస్తుంది, అదే బెస్టు అన్నాడు. ఏది తీసుకోవాలి? చేయించేటప్పుడు ఏం చెప్పాలి?

---

ఆకురాయి

కొట్టులో వినే పేర్లకీ కత్తుల వాళ్ళ పేర్లకీ లంకె ముందు చెప్తాను. ఓహెచ్‌ఎన్‌ఎస్ అంటే ఓ1. ఈఎన్31 అంటే 52100, బేరింగుల స్టీలు. హెచ్‌సిహెచ్‌సిఆర్ దగ్గర జాగ్రత్త. ఆ పేరుతో డి2 ఇస్తారు, డి3 కూడా ఇస్తారు. డి3లో కార్బన్ 2 శాతం పైన, డి2 కన్నా ఇంకా పెళుసు. అచ్చులకి బాగుంటుంది, వెదురుకి వద్దు.

మీకు ఓహెచ్‌ఎన్‌ఎస్ సరైనది. ఈఎన్31 కూడా మంచిదే, నిజానికి గట్టి దెబ్బకి అదే ఎక్కువ ఆగుతుంది, కానీ ఎక్కువగా గుండ్రటి కడ్డీలుగా దొరుకుతుంది. దాన్ని పట్టీగా కొట్టడానికి కొలిమి కావాలి. ఓహెచ్‌ఎన్‌ఎస్ చదునుగా గ్రైండ్ చేసిన పట్టీగానే వస్తుంది.

కమాన్ పట్టీ ఊరికే వస్తుంది, నిజమే. కానీ అది ఏ స్టీలో మీకు తెలియదు. ఈఎన్45 కావచ్చు, క్రోమ్ వనేడియం రకం కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వేడి. పైగా లక్షల కుదుపులు తిన్న పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి, నూనెలో ముంచగానే అవి నోరు తెరుస్తాయి. మందం కూడా 6 మి.మీ. పైమాటే, సగం అరగదీసి పారేయాలి. 0.55 శాతం కార్బన్‌తో అది 56 దగ్గర ఆగితేనే మేలు. కొడవలికీ కొబ్బరిబోండాల కత్తికీ అదే కావాలి, కమ్మరులు దాన్ని వాడేది అందుకే. కూరగాయలు కూడా తరిగే కత్తికి కాదు.

పవర్ హ్యాక్సా బ్లేడు సంగతి కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అంటున్నా. పూర్తి హై స్పీడ్ స్టీలు బ్లేడు పదును బాగా నిలుపుతుంది, గ్రైండర్ వేడికీ చలించదు, కానీ కింద పడితే రెండు ముక్కలు. బై మెటల్ అయితే పళ్ళే గట్టి, వెన్ను మెత్తన.

చేయించే వరస:

పట్టీ 3.5 మి.మీ. లేదా 4 మి.మీ. మందం, 32 మి.మీ. వెడల్పు, 250 మి.మీ. పొడవు. బ్లేడుకి 120–125 మి.మీ., మిగతాది పిడికి. అరచేతి వెడల్పుకి ఇంకో రెండు సెంటీమీటర్లు కలిపితే పిడి పొడవు, చాలామందికి 110–120 దగ్గర వస్తుంది. బ్లేడు పిడిలో కలిసే చోట లోపలి మూల చతురస్రంగా కోయొద్దు, కనీసం 3 మి.మీ. గుండ్రం ఇవ్వండి. కత్తులు విరిగితే అక్కడే విరుగుతాయి. గట్టిపరిచేటప్పుడు పగులు మొదలయ్యేదీ అక్కడే.

పిడి రివిట్ల రంధ్రాలు గట్టిపరచకముందే వేయాలి. 6 మి.మీ. ఇత్తడి రివిట్‌కి 6.2 రంధ్రం. మర్చిపోతే తర్వాత కార్బైడ్ బిట్టు తప్ప ఏదీ దిగదు.

ఏటవాలు తీసి అంచు దగ్గర 0.8 మి.మీ. మందం వదిలేయండి. పలచన చేసి ఇస్తే నూనెలో ముంచినప్పుడు అంచు అలలు తిరుగుతుంది. పైగా ఫర్నేస్ గాలిలో పై పొర కార్బన్ పోగొట్టుకుంటుంది, ఆ మెత్తటి పొర తర్వాత అరగదీయడానికి చేతిలో సరుకు ఉండాలి. రెండు పక్కలా సమానంగా తీయాలి. ఒక పక్క ఎక్కువ తీస్తే కత్తి అరటిపండు ఆకారంలో వస్తుంది.

బాలానగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళు ఉన్నారు. మీ ఒక్క ముక్క కోసం ఫర్నేస్ వెలిగించరు, అచ్చుల బ్యాచ్‌లో కలిపి వేస్తారు. పని చెడేది ఇక్కడే. 'గట్టిపరచండి' అని ఊరికే చెప్పొద్దు, కాగితం మీద రాసివ్వండి: ఓహెచ్‌ఎన్‌ఎస్, 800 డిగ్రీల వేడి దగ్గర కాసేపు నిలిపి నూనెలో ముంచడం, వెంటనే టెంపరింగ్ 200–220 డిగ్రీలు, రెండు గంటల చొప్పున రెండుసార్లు, చివరికి 58–60 హెచ్ఆర్‌సి. డి2 బ్యాచ్‌లో కలిపితే మీ ముక్క 1000 డిగ్రీల పైకి పోతుంది, రేణువులు ఉబ్బి గాజులా విరుగుతుంది. కాబట్టి ఓహెచ్‌ఎన్‌ఎస్ బ్యాచ్ ఎప్పుడు వేస్తారో అడిగి ఆ రోజుకి ఇవ్వండి. ముంచాక టెంపరింగ్‌కి రేపు పెడదాం అంటే ఒప్పుకోవద్దు. రాత్రికి రాత్రి పగిలిన ముక్కలు ఉంటాయి.

రాక్‌వెల్ కొలత టాంగ్ మీద తీయించండి, ఏటవాలు మీద కాదు. రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే అంకె తప్పు వస్తుంది. మిషన్ లేకుంటే కొత్త ఆకురాయి అంచు మీద తోసి చూడండి. కొరకకుండా గాజు మీద జారినట్టు జారాలి. కొరికిందంటే, ముందు ఆ మెత్తటి పై పొర కాస్త తీసి ఇంకోసారి చూడండి. అప్పుడూ కొరికితే వెనక్కి ఇచ్చేయండి.

తర్వాత అంచుని 0.5 దాకా పలచన చేసేటప్పుడు చేతికి గ్లౌజు వద్దు, పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకోవాలి. వేళ్ళు కాలుతున్నాయంటే ముంచే సమయం. అంచు కాస్త గడ్డి రంగు తిరిగినా సరే, 200 దాటేశారన్నమాట.

పిడికి నల్లతుమ్మ చాలు, మన పారలకీ గొడ్డళ్ళకీ ఏళ్ళుగా అదే. బాగా ఆరిన చెక్క కావాలి. పచ్చిది వేస్తే వేసవిలో కుంచించుకుని టాంగ్ అంచులు బయటికి పొడుచుకొస్తాయి. అందం కావాలంటే జిట్రేగి. రెండు భాగాల అరాల్డైట్ పూసి 24 గంటలు క్లాంపులో ఉంచండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి చెక్క ఎండుగా అతుక్కుంటుంది.

పనిలో పనిగా ఇంకోటి. చేయిస్తున్నానని తెలిస్తే ఎవరో ఒకరు 'డమాస్కస్ వేయిద్దాం' అంటారు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది రెండు స్టీళ్ళ పొరలు అతికించి యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చింది. పాత డమాస్కస్ కత్తులకి పోయిన ఉక్కు అది కాదు. అది మూసల్లో కరిగించి తీసిన ఉక్కు, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాని కేంద్రాల్లో ఒకటి, పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కునేవారు. గీతల కోసం డబ్బులు పెట్టకండి. పెట్టాలనుకుంటే ఆ డబ్బు హీట్ ట్రీట్‌మెంట్‌కి పెట్టండి.

---

గుట్టలెక్కేవాడు

స్టీలు సంగతి పెద్దలు చెప్పేశారు. ఎవరూ అనని మాట ఒకటుంది.

ఆయుధాల నిబంధనలు, 2016 ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమకీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ 5 అంగుళాలు ఆ లెక్కలోకి రాదు. అలాగని నడుముకి కట్టుకుని బజారులో తిరగమని కాదు. ఒరలో పెట్టి, సంచి అడుగున, తోట సామానుతో పాటు ఉంచండి. మెట్రోలో తీసుకెళ్ళొద్దు. విమానంలో అయితే చెకిన్ బ్యాగులోనే.

అడవి సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 'ఆయుధం' అనే మాట నిర్వచనంలోనే కత్తులు ఉన్నాయి. అభయారణ్యంలోకీ జాతీయ పార్కులోకీ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళకూడదు. అమ్రాబాద్, కవ్వాల్ వెళ్తుంటే కత్తి ఇంట్లో పెట్టి వెళ్ళండి. మన నగరం నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కు కూడా జాతీయ పార్కే. అనంతగిరిలో రిజర్వు అడవిలో పుల్లలు చెక్కి పొయ్యి వెలిగిస్తే కత్తి కన్నా ముందు నిప్పు గురించి కేసు అవుతుంది. క్యాంపు సైటు వాళ్ళ స్థలంలో వండుకోండి.

---

చేవెళ్ళ_తోట

కేబీఆర్ సంగతి తెలియదు, మంచి మాట చెప్పారు.

మోరా, 1000 రాయి ఈ వారం. ఓహెచ్‌ఎన్‌ఎస్ 4 మి.మీ. పట్టీ వచ్చే నెల. ఆకురాయి గారు రాసింది ప్రింటు తీసి చేసేవాడికే ఇస్తాను. ఒక్క అనుమానం మిగిలింది. ఓహెచ్‌ఎన్‌ఎస్ కూడా తుప్పు పట్టేదే కదా. దాంతో మామిడికాయ, నిమ్మకాయ కోయొచ్చా? ఒర తోలుది మంచిదా, ప్లాస్టిక్‌దా?

---

సానపట్టు

కోయొచ్చు. మొదటి మామిడికాయకే బ్లేడు బూడిద, నీలం, నలుపు మరకలు పడుతది. భయపడకుండ్రి, అది తుప్పు కాదు, తుప్పుకు అడ్డం నిలిచే పొర. మొదటి నెల ముక్కలల్ల కొంచెం ఇనుము రుచి తగులుతది, పొర కట్టినంక పోతది. మరకలు మరకలుగా వద్దు, ఒకే తీరుగ కావాలె అంటే కత్తిని సబ్బుతోని కడిగి జిడ్డు మొత్తం తీసి, వేడి చేసిన వెనిగర్ గుడ్డకు పట్టించి పది నిమిషాలు చుట్టి పెట్టండ్రి. కడిగి, తుడిచి, మళ్ళ రెండు సార్లు. జిడ్డు మిగిలితే ఆ వేలిముద్ర అట్లనే పడిపోతది.

నారింజ రంగు కనిపిస్తే మాత్రం అది తుప్పే. అప్పుడే నూనె చుక్క వేసి ముద్ద చేసిన అల్యూమినియం కాగితంతోని రుద్దితే పోతది. వారం వదిలితే గుంట పడుతది, అంచు కాడ గుంట పడితే అక్కడ ఎంత సాన పట్టినా రంపం లెక్కనే ఉంటది.

నూనెకు మెడికల్ షాపుల దొరికే లిక్విడ్ పారాఫిన్ మంచిది, తిండికి తగిలినా ఏం కాదు. కొబ్బరినూనె కూడా నడుస్తది. పల్లినూనె, ఆవనూనె రాయకుండ్రి, పదిహేను రోజులకు బంక కడతయి, బంక కింద తడి చిక్కుతది.

ఒర తోలుదైతే చూడనీకి బాగుంటది, కత్తి దానిల నిద్రపోవద్దు. తోలు తడిని పీల్చి పట్టుకుంటది, దాన్ని ఊనవెట్టిన మందుల ఉప్పు కూడా లోపలనే ఉంటది. జూలై నుంచి సెప్టెంబర్ దాక కత్తి బయట, ఒర బయట, విడివిడిగ ఉంచాలె. ప్లాస్టిక్ ఒర అయితే అడుగున నీళ్ళు కారే రంధ్రం ఉందో లేదో చూస్కోండ్రి. తోటల మట్టి లోపలికి పోతే ప్రతిసారి దూసినప్పుడు అదే ఇసుక బ్లేడును గీకుతది, కాబట్టి వారానికోసారి ఒరను నల్లా కింద పెట్టి కడిగి, తలకిందులు ఆరవెట్టండ్రి.